మంగళగిరి ఎవరి కోటా కాదు

మంగళగిరి శాసనసభ నియోజకవర్గం మాట వచ్చిందంటే చాలు, మూడు తీర్పులు వరసగా వినిపిస్తాయి. మొదటిది, ఇది తెలుగుదేశం పార్టీకి అచ్చిరాని సీటు, 1985 తర్వాత నలభై ఏళ్లపాటు అక్కడ పసుపు జెండా ఎగరలేదు అన్నది. రెండోది, ఇది చేనేతల సీటు, అభ్యర్థి కులం చూస్తే ఫలితం ముందే చెప్పేయొచ్చు అన్నది. 2024 జూన్ 4న ఓట్లు లెక్కపెట్టాక వీటికి మూడోది తోడైంది. ఇక మంగళగిరి నారా లోకేశ్ కంచుకోట, అక్కడ ఇంకెవరూ అడుగుపెట్టలేరట! టీవీ చర్చల్లో, పార్టీ ఆఫీసుల్లో, టికెట్ల పంపకాల్లో ఈ మూడు మాటలే చెలామణీ అవుతున్నాయి. ఒకదానికొకటి పొసగని మాటలివి. అయినా చెప్పేవాళ్లు మాత్రం చాలాసార్లు ఒకరే.

ఈ మూడూ తప్పు. లెక్కలో జరిగిన పొరపాటే అయితే సరిదిద్ది ఊరుకోవచ్చు. కానీ వీటి పునాదిలోనే ఓటరంటే చులకన ఉంది. ఓటరు ఆలోచించడు, ఒక పార్టీకో ఒక కులానికో ఒక కుటుంబానికో కట్టుబడి పడివుంటాడు అన్న నమ్మకం మీద ఇవి నిలబడ్డాయి. మంగళగిరి ఎన్నికల చరిత్ర ఆ నమ్మకాన్ని అడుగడుగునా కాదంటోంది.

ముందు రికార్డు చూద్దాం. 1952లో మద్రాసు రాష్ట్రం రోజుల్లో ఇక్కడ గెలిచింది సీపీఐ అభ్యర్థి దర్శి లక్ష్మయ్య. 1955 మధ్యంతర ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున మేకా కోటిరెడ్డి గెలిచారు. 1962లో మళ్లీ సీపీఐ, వేములపల్లి శ్రీకృష్ణ. 1967లో సీటు కాంగ్రెస్‌కు పోయింది, 1972లో వేములపల్లి తిరిగి తెచ్చుకున్నారు. 1983లో, 1985లో తెలుగుదేశం నుంచి ఎం.ఎస్.ఎస్. కోటేశ్వరరావు నెగ్గారు. 1989లో కాంగ్రెస్ అభ్యర్థి గోలి వీరాంజనేయులు. 1994లో సీపీఎం నుంచి నిమ్మగడ్డ రామమోహనరావు. 1999, 2004 ఎన్నికల్లో కాంగ్రెస్ నుంచి మురుగుడు హనుమంతరావు, 2009లో అదే పార్టీ నుంచి కాండ్రు కమల. 2014, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి ఆళ్ల రామకృష్ణారెడ్డి. 2024లో తెలుగుదేశం నుంచి నారా లోకేశ్.

ఈ వరస ఒకసారి తీరిగ్గా చదవండి. సీపీఐ, కాంగ్రెస్, తెలుగుదేశం, సీపీఎం, వైఎస్సార్ కాంగ్రెస్ అన్నీ ఇక్కడ గెలిచాయి, అన్నీ ఇక్కడ ఓడాయి. ఈ డెబ్భై రెండేళ్లలో మంగళగిరి నుంచి మూడుసార్లు శాసనసభకు వెళ్లిన మనిషి ఒక్కరూ లేరు. వేములపల్లి శ్రీకృష్ణకు రెండుసార్లు, కోటేశ్వరరావుకు రెండుసార్లు, మురుగుడుకు రెండుసార్లు, ఆళ్లకు రెండుసార్లు. అక్కడితో సరి. కుప్పంలో చంద్రబాబు నాయుడు 1989 నుంచి 2024 దాకా వరసగా ఎనిమిదిసార్లు గెలిచారు. పులివెందుల 1978 నుంచి వైఎస్ కుటుంబాన్ని వదల్లేదు. అలాంటి నియోజకవర్గాల్ని చూసి అలవాటైన కళ్లతో మంగళగిరిని చూస్తే తప్పే కనిపిస్తుంది. ఈ ఊరి ఓటరు ఎవరికీ శాశ్వత పట్టా రాసివ్వలేదు.

ఇప్పుడు మొదటి తీర్పు సంగతి. తెలుగుదేశానికి అచ్చిరాని సీటన్నారు. పార్టీ పుట్టిన మరుసటి ఏడాదే, 1983లోనే ఇక్కడ గెలిచింది. రెండేళ్లకు మళ్లీ గెలిచింది. ఆ తర్వాత జరిగిందేమిటి? పొత్తుల లెక్కల్లో తెలుగుదేశం ఈ సీటును మిత్రపక్షాలకు వదులుతూ వచ్చింది. 1994లో తెలుగుదేశం మిత్రపక్షంగానే సీపీఎం ఇక్కడ నెగ్గింది. ఆ ఏడు కమ్యూనిస్టు అభ్యర్థికి ఓటేసినవాళ్లలో ఎన్టీఆర్ అభిమానులు ఎందరుంటారో ఊహించడం కష్టం కాదు. పార్టీ తన గుర్తునే బరిలో పెట్టని ఎన్నికల్ని కూడా ఓటమి ఖాతాలో వేసి, "నలభై ఏళ్లు గెలవలేదు" అంటే అది చరిత్ర ఎలా అవుతుంది? పోటీ చేయకపోవడం వేరు, ఓడిపోవడం వేరు. సైకిల్ గుర్తే లేని బ్యాలెట్ చేతికిచ్చి, నువ్వు సైకిల్‌కు ఓటేయలేదని ఓటరును తప్పుపట్టడం న్యాయం కాదు.

2014లో తెలుగుదేశం గంజి చిరంజీవిని నిలబెట్టింది. ఆళ్ల రామకృష్ణారెడ్డికి వచ్చినవి 88,977 ఓట్లు. చిరంజీవికి 88,965. తేడా 12. పన్నెండంటే ఎంత? ఒక మగ్గాల వీధిలో మూడు ఇళ్ల ఓట్లు. ఒక కుటుంబం ఆ రోజు పెళ్లికి వెళ్లకుండా ఉంటే, ఒక ఆటో సమయానికి అందివుంటే తారుమారయ్యే తేడా. దాదాపు లక్షా డెబ్భై ఎనిమిది వేల ఓట్లు ఇద్దరి మధ్య సరిసగంగా చీలిన చోటు ఒక పార్టీకి అచ్చిరానిది ఎలా అయింది? ఆ పన్నెండు ఓట్లు అటు నుంచి ఇటు పడివుంటే ఈ సిద్ధాంతమే పుట్టేది కాదు. పన్నెండు ఓట్ల మీద కట్టిన సిద్ధాంతానికి పదేళ్లపాటు కాలం చెల్లకపోవడమే ఆశ్చర్యం.

2019 ఫలితాన్ని మరీ వక్రంగా చదివారు. లోకేశ్ 5,337 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆళ్లకు 1,08,464, లోకేశ్‌కు 1,03,127. ముఖ్యమంత్రి కొడుకే ఓడాడు, మంగళగిరి ఛీకొట్టింది అని ఊరూవాడా ప్రచారమైంది. మరి ఆ ఏడాది రాష్ట్రంలో ఏం జరిగింది? 175 స్థానాల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 వచ్చాయి, తెలుగుదేశానికి 23 మిగిలాయి. ఉమ్మడి గుంటూరు జిల్లాలో పదిహేడు సీట్లుంటే తెలుగుదేశం నిలబెట్టుకున్నవి రేపల్లె, గుంటూరు పశ్చిమ, ఈ రెండే. అంతటి ఎదురుగాలిలో మంగళగిరి ఆ పార్టీకి లక్షకు పైగా ఓట్లిచ్చి, గెలుపు అంచుదాకా తెచ్చి వదిలింది. జనసేన, వామపక్షాల కూటమి తరఫున నిలబడ్డ సీపీఐ అభ్యర్థికి పడిన ఓట్లు ఆ 5,337 తేడాను మించాయి. రాష్ట్రమంతా తోసిపుచ్చిన పార్టీని మంగళగిరి దాదాపు గెలిపించినంత పని చేసింది. దీన్ని ఛీకొట్టడం అనేవాళ్లు అంకెల్ని చూడలేదు, ఓడిన మనిషి ఇంటిపేరును మాత్రమే చూశారు.

చరిత్ర పేరుతో మాట్లాడేవాళ్లు మరో సంగతి కూడా దాటేస్తారు. 1952 నాటి మంగళగిరి, 1985 నాటి మంగళగిరి, ఇప్పటి మంగళగిరి ఒకే నియోజకవర్గం కావు. 2008లో నియోజకవర్గాల పునర్విభజన జరిగినప్పుడు పక్కనున్న దుగ్గిరాల నియోజకవర్గం రద్దయింది. దుగ్గిరాల మండలం మంగళగిరిలో కలిసింది. 2009 నుంచి జరుగుతున్న ఎన్నికలన్నీ ఈ కొత్త సరిహద్దుల మీద జరిగినవే. నేడు ఇందులో ఉన్నవి మూడు మండలాలు, మూడు రకాల బతుకులు. మంగళగిరిది మగ్గం, గుడి, పానకాలస్వామి కొండ. తాడేపల్లి కృష్ణ ఒడ్డున, బ్యారేజీ దాటితే విజయవాడ. అపార్ట్‌మెంట్లూ, కట్టల వెంబడి పూరిళ్లూ పక్కపక్కనే ఉంటాయి. దుగ్గిరాలది కాలువ నీటి సేద్యం, పసుపు యార్డు. ఒకే ఓటరు నలభై ఏళ్లుగా ఒకే పార్టీని కాదంటున్నాడని చెప్పాలంటే ముందు ఆ ఓటరు అన్నేళ్లూ ఒక్కడే అయివుండాలి. దుగ్గిరాల పసుపు రైతుకు 1989 నాటి మంగళగిరి తీర్పుతో సంబంధమే లేదు. అప్పుడాయన ఓటు వేరే సీటులో పడింది.

రెండో తీర్పు కులం. దీన్ని జాగ్రత్తగా ఖండించాలి, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. మంగళగిరి పట్టణంలో పద్మశాలీల సంఖ్య పెద్దది. 1999 నుంచి 2014 దాకా పదిహేనేళ్లు ఈ సీటులో ఉన్నది చేనేత సామాజిక వర్గం వాళ్లే. మురుగుడు హనుమంతరావు, కాండ్రు కమల ఇద్దరూ అక్కడివారే. మగ్గం గుంటలో కూర్చునే కుటుంబాల నుంచి ఒకరు శాసనసభకు వెళ్లడం చిన్న విషయం కాదు. ఆ ప్రాతినిధ్యం కోరుకోవడం ఆ జనం హక్కు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

తప్పు ఆ తర్వాతి అడుగులో ఉంది. చేనేత అభ్యర్థిని నిలబెడితే చేనేత ఓట్లన్నీ మూటగట్టి వచ్చేస్తాయి అన్న లెక్క ఉందే, అది తప్పు. 2014లో తెలుగుదేశం నిలబెట్టిన చిరంజీవి పద్మశాలి. ఆయన మీద పోటీ చేసింది రెడ్డి సామాజిక వర్గానికి చెందిన ఆళ్ల. కులమే తేల్చేదైతే చిరంజీవి పన్నెండు ఓట్లతో ఓడిపోవాల్సిన పనేముంది? వేల మెజారిటీతో గెలవాలి కదా! అప్పుడే ఆ సిద్ధాంతం చచ్చింది. కానీ పార్టీలు దాన్ని పాడె ఎక్కించలేదు, మోసుకు తిరిగాయి.

2024కు ముందు వైఎస్సార్ కాంగ్రెస్ ఏం చేసిందో గుర్తు చేసుకోండి. 2023 డిసెంబరులో ఆళ్ల శాసనసభ్యత్వానికీ పార్టీకీ రాజీనామా చేశారు. తెలుగుదేశం నుంచి అప్పటికే వచ్చి చేరిన గంజి చిరంజీవిని ఆ పార్టీ ఇన్‌ఛార్జిగా పెట్టింది. అదీ చాలదనుకుని మురుగుడు లావణ్యను అభ్యర్థిగా తెచ్చింది. ఆమె మాజీ ఎమ్మెల్యే కాండ్రు కమల కూతురు, మాజీ ఎమ్మెల్యే మురుగుడు హనుమంతరావు కోడలు. కులం లెక్క ప్రకారం ఇంతకు మించిన అభ్యర్థి దొరకరు. చేనేత సామాజిక వర్గం, మహిళ, పుట్టినిల్లూ మెట్టినిల్లూ రెండూ ఇదే సీటులో గెలిచిన కుటుంబాలు. ఎదుట నిలబడ్డది కమ్మ సామాజిక వర్గానికి చెందిన, ఈ ఊళ్లో పుట్టని మనిషి. ఫలితం? లోకేశ్‌కు 1,67,710. లావణ్యకు 76,297. తేడా 91,413. మంగళగిరిలో కులమే ఓటు అనే వాదానికి ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదు. ఆ పరీక్షలో అది నిలబడలేదు.

ఇక్కడ కొందరు మాట మారుస్తారు. కులం కాదు, గాలి అంటారు. రాష్ట్రంలో ఎటు గాలి వీస్తే మంగళగిరి అటే అంటారు. అదీ నిలవదు. 1972లో కాంగ్రెస్ 287 స్థానాల్లో 219 గెలిచి రాష్ట్రాన్ని ఊడ్చేసింది. సీపీఐకి దక్కినవి ఏడు సీట్లు, ఆ ఏడింటిలో ఒకటి మంగళగిరి. 1999లో తెలుగుదేశం 180 స్థానాలతో అధికారంలోకి వచ్చింది, మంగళగిరి కాంగ్రెస్‌కు ఓటేసింది. 2014లో తెలుగుదేశం 102 స్థానాలు గెలిచింది, గుంటూరు జిల్లాలోనే పదిహేడింట పన్నెండు దానివి. అయినా మంగళగిరి ప్రతిపక్షం వైపు నిలబడింది, తేడా ఎంత చిన్నదైనా సరే. గాలికి కొట్టుకుపోయే సీటైతే ఈ మూడుసార్లూ ఇలా జరగదు. గాలితో కలిసిన ఏళ్లున్నాయి, ఎదురు నిలిచిన ఏళ్లున్నాయి. ఎప్పుడు కలవాలో ఎప్పుడు ఎదురు నిలవాలో ఓటరే తేల్చుకున్నాడు.

2019లో ఓటరు మీద మోపిన నింద ఇంకొకటి ఉంది. రాజధాని తెచ్చి పెడితే కూడా ఓటేయలేదు, విశ్వాసం లేని జనం అన్నారు. ఇది వినడానికే బాధగా ఉంటుంది. రాజధాని ఎవరో ఇచ్చిన కానుక కాదు, రైతులు భూమి ఇస్తే వచ్చిన రాజధాని అది. కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు, నవులూరు, ఎర్రబాలెం, బేతపూడి, ఉండవల్లి, పెనుమాక ఈ నియోజకవర్గంలోవే. ఉండవల్లి, పెనుమాకల్లో నదిపక్కన ఏడాది పొడుగునా పూలూ కూరగాయలూ పండే భూములున్నాయి. భూసమీకరణలో మెట్ట ఎకరానికి ఏటా 30,000, జరీబు ఎకరానికి 50,000 రూపాయల కౌలు, దానిమీద ఏటా పెంపు, తిరిగి ఇచ్చే ప్లాట్లు అని ప్రభుత్వం లెక్క చెప్పింది. కొందరు నమ్మి ఇచ్చారు. కొందరు ఆ లెక్క తమకు గిట్టదని ఇవ్వనన్నారు. ఇవ్వనన్నవాళ్ల తరఫున అప్పటి ప్రతిపక్ష ఎమ్మెల్యే ఆళ్ల కోర్టులకెక్కారు. ఇదంతా 2019 ఓటులో కలిసింది. పక్కనే, రాజధాని నడిబొడ్డునున్న తాడికొండలో కూడా అప్పుడు వైఎస్సార్ కాంగ్రెసే గెలిచింది. విశ్వాసం లేకపోవడం కాదు అది. తన భూమి సంగతి తాను చూసుకున్న రైతు విజ్ఞత.

అదే ఓటరు 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట విన్నాడు. భూములిచ్చినవాళ్లు రోడ్డుమీద కూర్చోవడం చూశాడు. 2023 జులై 24న కృష్ణాయపాలెంలో 50,793 ఇళ్లకు శంకుస్థాపన జరిగితే అదీ చూశాడు. ఆగస్టు మొదట్లోనే హైకోర్టు ఆ నిర్మాణాల్ని ఆపేసింది. రాజధాని ఇచ్చాం కాబట్టి ఓటు మాది అనుకున్నవాళ్లు 2019లో ఓడారు. ఇళ్ల స్థలాలిచ్చాం కాబట్టి ఓటు మాది అనుకున్నవాళ్లు 2024లో ఓడారు. రెండుసార్లూ ఓటరు చెప్పింది ఒకటే. ప్రభుత్వం చేసే పని ప్రజల సొమ్ముతో చేసే పని, దానికి రుణపత్రం రాయించుకోవడం కుదరదు.

ఈ చర్చలో ఒక చిన్న వివరం పెద్ద మనుషుల కంటికి ఆనదు. మంగళగిరి చీర నేసేది గుంట మగ్గం మీద. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని, కింద తొక్కుతూ పైన నాడె విసురుతూ నేయాలి. ముందు పడుగు చాచి కట్టుకునేంత పొడుగు కావాలి. ఆసు పోయడానికీ కండెలు చుట్టడానికీ ఇంటి ఆడవాళ్లకు చోటు కావాలి. వానాకాలం గుంటలోకి నీరు ఊరితే పని ఆగిపోతుంది, ఆ రోజు కూలి పోతుంది. పట్టణ పేదకు ఇచ్చిన స్థలం ఒక సెంటు, అంటే 48 గజాలు. అందులో ఇల్లు కట్టుకుంటే మగ్గం ఎక్కడ పెట్టాలి? అపార్ట్‌మెంటులో పై అంతస్తు ఇస్తే గుంట ఎక్కడ తవ్వాలి? సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏటా 24,000 రూపాయలిచ్చే పథకం వచ్చింది, మంచిదే. మాస్టర్ వీవర్ షెడ్డులో కూలికి నేసేవాడికి సొంత మగ్గం ఉండదు. అతనికి ఆ పథకం అందలేదు. చేనేత ఓటు అంటూ ఒక్క ముద్ద చేసి లెక్కవేసేవాళ్లకు షెడ్డు కార్మికుడికీ మాస్టర్ వీవర్‌కూ ఉన్న తేడా తెలియదు. ఇద్దరిదీ ఒకే కులం. ఇద్దరి ఇళ్లల్లో పొయ్యి వెలిగే తీరు ఒకటి కాదు. ఓటు కూడా ఒకటి కానక్కర్లేదు.

అలాగే తాడేపల్లిలో యూ-1 జోన్ ఆంక్షల కింద భూమి అమ్ముకోలేక, కట్టుకోలేక ఏళ్లు గడిపిన రైతు ఉన్నాడు. అటవీ భూమిలో, రైల్వే స్థలంలో, కాలువ కట్ట మీద ఇల్లు వేసుకుని పట్టా కోసం ఒక తరం పాటు ఎదురుచూసిన కుటుంబం ఉంది. దుగ్గిరాల యార్డులో పసుపు ధర పడిపోతే అప్పు తీర్చలేని కౌలుదారు ఉన్నాడు. ఓటు వీళ్లది. వీళ్ల తీర్పుకు కులం పేరు పెట్టడం, గాలి పేరు పెట్టడం, విశ్వాసఘాతం పేరు పెట్టడం వీళ్ల బతుకును చూడకుండా తప్పించుకోవడమే.

ఇక మూడో తీర్పు, కొత్తది. 2024 మెజారిటీ చూపించి ఇది ఇక కంచుకోట అంటున్నారు. లోకేశ్ ఓడిన చోటే ఐదేళ్లు తిరిగారు, నిజం. వేరే సురక్షితమైన సీటు వెతుక్కోలేదు, అదీ నిజం. ఆ పట్టుదలకు దక్కాల్సిన గౌరవం దక్కాలి. కానీ ఆ మెజారిటీ మొత్తాన్ని ఒక్క మనిషి ఖాతాలో వేయడం అంకెలకు చేసే అన్యాయం. ఆ ఎన్నికల్లో తెలుగుదేశం కూటమికి 175లో 164 వచ్చాయి. గాజువాకలో మెజారిటీ 95,235, భీమిలిలో 92,401. మంగళగిరి 91,413తో మూడో స్థానంలో ఉంది. ఆ ఏడు రాష్ట్రంలో వేరేచోట్లా ఇదే స్థాయి తీర్పు వచ్చింది, అక్కడ లోకేశ్ అభ్యర్థి కారు. 2019తో పోలిస్తే మంగళగిరిలో వైఎస్సార్ కాంగ్రెస్ పోగొట్టుకున్నది 32,167 ఓట్లు. తెలుగుదేశం కొత్తగా సంపాదించినది 64,583, దాదాపు రెట్టింపు. మిగతా సగం ఎక్కడిది? జనసేన ఈసారి ఎదుట కాకుండా పక్కన నిలబడింది. కొత్తగా ఓటు వచ్చినవాళ్లున్నారు. రాజధాని ఆగిపోయిందన్న కోపం ఉంది. ఇన్ని పాయలు కలిసి వచ్చిన నీటిని ఒక్క బావిలో ఊరిన నీరని చెప్పకూడదు.

లోకేశ్ తాను పంచిన తోపుడు బళ్లు, కుట్టు మిషన్లు, పెట్టిన అన్న క్యాంటీన్ వల్లనే గెలిచారనేవాళ్లు కూడా ఉన్నారు. అటు అభిమానులూ అదే మాట అంటారు, ఇటు విమర్శకులూ అదే అంటారు. ఇది రెండువైపులా తప్పే. ఆళ్ల రామకృష్ణారెడ్డి కూడా రాజన్న క్యాంటీన్ పెట్టి నాలుగు రూపాయలకు భోజనం పెట్టారు. ఆకలిగా ఉన్నవాళ్లు తిన్నారు, దీవించారు. ఆయన్ను గెలిపించుకున్న వైఎస్సార్ కాంగ్రెస్ 2024లో ఆ సీటు పోగొట్టుకుంది. అన్నం పెట్టిన చేతికి ఓటు వచ్చేస్తుందన్న నమ్మకం నిజమైతే రెండు క్యాంటీన్ల మధ్య ఫలితం ఇలా ఉండదు. తోపుడు బండి తీసుకున్న మనిషి దాన్ని తన బతుకు కోసం తీసుకున్నాడు. అంతమాత్రాన ఓటు తాకట్టు పెట్టలేదు.

ఈ తప్పుడు సిద్ధాంతాలతో ఎవరికీ నష్టం లేదనుకోవద్దు. అచ్చిరాని సీటని నమ్మిన పార్టీ ఏళ్ల తరబడి ఇక్కడ సొంత నాయకత్వాన్ని పెంచలేదు, పొత్తుల బేరంలో సీటును చిల్లర కింద ఇచ్చేసింది. కులం సీటని నమ్మిన పార్టీ ఎన్నికలు ముంచుకొస్తుంటే కొద్ది నెలల్లో ముఖాలు మార్చింది, ఐదేళ్లలో చేసిన పని ఏమిటో చెప్పుకోవడం మరిచింది. కంచుకోటని నమ్మే పార్టీ రేపు జనానికి దూరం అవుతుంది. మూడు ప్రధాన పార్టీల కేంద్ర కార్యాలయాలు ఈ ఒక్క నియోజకవర్గంలో ఉన్నాయి. తెలుగుదేశానిది ఆత్మకూరు దగ్గర, జనసేనది మంగళగిరిలో, వైఎస్సార్ కాంగ్రెస్‌ది తాడేపల్లిలో. రాష్ట్రం నలుమూలల సర్వేలూ ఆ గదుల్లోనే చదువుతారు. గేటు బయట ఉన్న మగ్గాల వీధి ఏమనుకుంటోందో తెలుసుకోవడానికి మాత్రం కులాల జాబితా తీస్తారు. ఇదీ అసలు జబ్బు.

మంగళగిరి చరిత్ర చెప్పే పాఠం తేలికైనది. ఈ సీటు కమ్యూనిస్టుల్ని నమ్మింది, కాదనుకుంది. కాంగ్రెస్‌ను వరసగా మూడుసార్లు గెలిపించింది, తర్వాత పక్కన పెట్టింది. పన్నెండు ఓట్లతో ఒకరిని గెలిపించింది, పదేళ్లకు తొంభై ఒక్క వేల ఓట్లతో అవతలి పక్షాన్ని గెలిపించింది. ప్రతిసారీ దానికి కారణాలున్నాయి. అవి భూమిలో, మగ్గంలో, ఇంటి పట్టాలో, యార్డు ధరలో ఉన్నాయి. 2024లో గెలిచినవారికి మంగళగిరి ఇచ్చింది ఐదేళ్ల గడువు మాత్రమే. దాన్ని వారసత్వంగా రాసుకునే హక్కు ఎవరికీ లేదు.

మంగళగిరి, తాడేపల్లి, దుగ్గిరాల ఓటర్లకు ఒక విన్నపం. 2029లో మీ గుమ్మం ముందుకు ఎవరు వచ్చినా, మీ కులం పేరు ఎత్తి మాట మొదలుపెడితే అక్కడే ఆపండి. గుంట మగ్గానికి చోటున్న ఇల్లు ఎన్ని కుటుంబాలకు ఇచ్చారో, కట్టల మీది ఇళ్లలో ఎన్నింటికి పట్టాలు వచ్చాయో, షెడ్డులో నేసే కార్మికుడికి ఏం దక్కిందో, భూమిచ్చిన రైతుకు ప్లాటు చేతికి వచ్చిందో లేదో అడగండి. జవాబు నచ్చితే ఓటేయండి, నచ్చకపోతే దించేయండి. 1952 నుంచి మీ ఊరు చేస్తున్న పని అదే.